జర్మన్ నడకదారుల్లో గుడారం, టార్ప్

ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి వాయవ్యాన టౌనస్ కొండలున్నాయి. వాటిలో అన్నిటికన్నా ఎత్తైన గ్రోసెర్ ఫెల్డ్‌బెర్గ్ సుమారు 880 మీటర్లు. తూర్పు కనుమలు చూసిన కళ్ళకు ఇది పెద్ద కొండేమీ కాదు. అయితే విహారం కోసం కాలినడకన తిరగడమన్నది ఒక సంఘంగా, ఒక పద్ధతిగా రూపుకట్టిన తొలి ప్రాంతాల్లో ఇదొకటి. టౌనస్ క్లబ్ 1868లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఏర్పడింది. అంతకు దాదాపు వందేళ్ళ ముందు, ఈ ఊళ్ళోనే పుట్టిన గేథె ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్‌ల మధ్య కాలినడకన తిరుగుతూ మిత్రులచేత ‘బాటసారి’ అనిపించుకున్నాడు. 1772లో అతను రాసిన ‘బాటసారి తుఫాను గీతం’ దారిలో గాలివానకు చిక్కినప్పుడు పుట్టింది. వానకు అడ్డంగా పట్టుకోవడానికి అతని దగ్గర పాట తప్ప మరేమీ లేదు.

బయట పడుకోవలసినవాడు నెత్తిమీద ఏం కప్పుకోవాలన్న ప్రశ్నకు ఈ కొండల్లో చాలా పాత జవాబు ఒకటుంది. రోమన్ సామ్రాజ్యపు సరిహద్దు రేఖ టౌనస్ మీదుగానే సాగింది. రోమన్ సైన్యంలో ఎనిమిదిమందికి ఒక తోలు గుడారం. దాన్ని మోయడానికి ఒక కంచరగాడిద. గుడారమంటే అప్పటికీ, ఆ తరవాత చాలాకాలానికీ, మనిషి మోసేది కాదు, పశువు మోసేది. ఆ లెక్క మారింది పంతొమ్మిదో శతాబ్దంలో. 1840ల ప్రాంతంలో అల్జీరియాలో ఉన్న ఫ్రెంచి సైనికులు తమ సంచులను విప్పదీసి, ఒకదానికొకటి బొత్తాలతో కలిపి, వాటికింద పడుకోవడం నేర్చారు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం ఇదే పద్ధతిని తీసుకుంది. జర్మన్ సైన్యం 1892లో ‘చెల్ట్‌బాన్’ ప్రవేశపెట్టింది: సుమారు 165 సెంటీమీటర్ల చదరపు గుడ్డ, అంచుల వెంట బొత్తాలు, కాజాలు. ఒక్కొక్కడూ ఒక గుడ్డ మోస్తాడు. ఇద్దరు కలిస్తే గుడారం. ఒంటరివాడికి అది దుప్పటి, వానకోటు, గాలికి అడ్డుతెర.

గుడారాన్ని ముక్కలు చేసి మనుషులకు పంచడమన్న ఈ ఊహ చిన్నదేమీ కాదు. ఇప్పుడు టార్ప్ అని పిలుస్తున్నది ఆ ముక్కల్లో ఒకటే; దానిమీద రాజముద్ర లేదు, అంతే. తెలుగు పాఠకుడికి ఇందులో ఆశ్చర్యపడవలసింది తక్కువ. తెలంగాణలో గొర్రెల మందల వెంట నెలల తరబడి తిరిగే కాపరి భుజాన ఉండే గొంగడి ఇదే పని చేస్తూ వచ్చింది. దక్కను గొర్రెల ముతక ఉన్నితో, చింతగింజల గంజి పట్టించి నేసిన ఆ గుడ్డ కొప్పెరలా మడిస్తే వానను ఆపుతుంది, పరిస్తే పక్క, కప్పుకుంటే దుప్పటి. కోస్తాలో వడ్లకుప్పల మీద కప్పే బరకానిదీ అదే వంశం. అలా మోసుకు తిరగడం కాపరికీ రైతుకూ బతుకు. దాన్ని సెలవుదినపు సరదాగా మార్చింది బెర్లిన్ శివారు కుర్రాళ్ళు.

1896 ప్రాంతంలో ష్టెగ్లిట్స్ బడి పిల్లలు మొదలుపెట్టిన నడకలు 1901 నవంబరు 4న ‘వాండర్‌ఫోగెల్’ అనే సంఘమయ్యాయి. పట్నపు మధ్యతరగతి ఇళ్ళ గాలి ఆడనితనం నుంచి పారిపోవడమే వాళ్ళ ఆశయం. మొదట్లో గడ్డివాముల్లోనూ, రైతుల కొట్టాల్లోనూ పడుకున్నారు. 1913 అక్టోబరులో యువజన సంఘాలెన్నో హెస్సె రాష్ట్రానికే చెందిన హోహెర్ మైస్నర్ కొండ మీద సమావేశమై, తమ జీవితాన్ని తామే నిర్ణయించుకుంటామని ప్రకటించాయి. ఆ స్వేచ్ఛ అందరికీ అందినది కాదు. అదే ఏడాది త్సిట్టావ్ శాఖ ఒక యూదు బాలికను చేర్చుకోవడానికి నిరాకరించింది. అప్పటికే, 1912లో, యూదు యువకులు ‘బ్లావ్ వైస్’ పేరుతో తమ సొంత నడక సంఘం పెట్టుకున్నారు. ప్రకృతిలోకి వెళ్ళినంత మాత్రాన మనుషులు తమ ఊరి పక్షపాతాలను వెనక వదిలి రాలేదు.

మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఈ కుర్రాళ్ళ చేతికి సైన్యపు గుడ్డలు చవకగా అందాయి. వాటిని అందరికన్నా ఊహాశక్తితో వాడుకున్నవాడు ష్టుట్‌గార్ట్‌లో 1907లో పుట్టిన ఎబర్‌హార్ట్ కోబెల్. లాప్లాండ్‌లో రెయిన్‌డీర్ కాపరులైన సామీల మధ్య తిరిగి వచ్చిన కోబెల్, 1929 నవంబరు 1న ఒక యువజన సంఘం స్థాపించి, దానికి ఆ తేదీనే పేరుగా పెట్టాడు: డి.జె.1.11. అతను రూపొందించిన గుడారం పేరు ‘కోటె’. నాలుగు నల్లటి నూలుగుడ్డలను తాళ్ళతో కలిపి, పైన పొగ పోవడానికి కంత వదిలి, నడుమ నిప్పు వేసుకునే ఏర్పాటు. పేరు తెలుగు చెవికి కోటలా వినిపిస్తుంది గాని, ఇది నలుగురు నాలుగు ముక్కలుగా మోసుకుపోగల కోట.

1933లో అధికారానికి వచ్చిన నాజీలు హిట్లర్ యువజన సంఘం తప్ప మరో యువజన సంఘం ఉండకూడదన్నారు. స్వతంత్ర సంఘాలు రద్దయ్యాయి. వాటి పాటలతోపాటు కోటె కూడా అనుమానాస్పద వస్తువైంది. కోబెల్‌ను వీరుణ్ణి చేయడం కష్టం: 1932లో కమ్యూనిస్టు పార్టీలో చేరినవాడే, మరుసటి ఏడాది తన అనుచరులను హిట్లర్ సంఘంలోకి వెళ్ళమన్నాడు. 1934 జనవరిలో గెస్టాపో అతన్ని పట్టుకుంది. విడుదలయ్యాక దేశం విడిచి పారిపోయాడు. ఆ సంప్రదాయంలో పెరిగిన ఉల్మ్ కుర్రాడు హన్స్ షోల్ 1936 వేసవిలో తన బృందంతో లాప్లాండ్ వెళ్ళాడు. 1937 చివర అతన్ని అరెస్టు చేసినప్పుడు మోపిన నేరాల్లో నిషిద్ధ యువజన కార్యకలాపాలు ఒకటి. 1943 ఫిబ్రవరి 22న అతని తల నరికేది మాత్రం ‘తెల్ల గులాబి’ కరపత్రాలకు.

అదే కాలంలో అదే గుడ్డకు రెండో జీవితం సాగింది. 1931 నమూనా చెల్ట్‌బాన్ త్రికోణాకారంలో, మచ్చల రంగుల అద్దకంతో వచ్చింది. ఇలాంటి అద్దకపు గుడ్డను ఇటలీ 1929లోనే తెచ్చింది. నాలుగు త్రికోణాలు కలిస్తే నలుగురికి గోపురంలాంటి గుడారం. ఒకటి విడిగా వేసుకుంటే మనిషిని అడవిలో దాచే తొడుగు. గాయపడినవారిని మోసిందీ, చనిపోయినవారిని చుట్టి పాతిపెట్టిందీ ఆ గుడ్డలోనే.

నూలు తడిస్తే బరువెక్కుతుంది. ఆ బరువును తీసేసిన కథకు ఫ్రాంక్‌ఫర్ట్ మళ్ళీ కేంద్రం. అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన కరోథర్స్ 1935లో నైలాన్ తయారుచేశాక, ఐ.జి. ఫార్బెన్ రసాయనవేత్త పౌల్ ష్లాక్ 1938 జనవరిలో మరో దారిలో దానికి సమానమైన పోగును సాధించాడు. అదే పెర్లాన్. యుద్ధకాలంలో అది పారాచూట్లకు పోయింది. ప్రయోగం జరిగింది బెర్లిన్‌లో అయినా సంస్థ ప్రధాన కార్యాలయం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండేది. ఆష్విట్స్ పక్కన మోనోవిట్స్‌లో ఖైదీల వెట్టిచాకిరితో కర్మాగారం కట్టించిన సంస్థ కూడా అదే. హన్స్ పోల్సిగ్ రూపకల్పన చేసిన ఆ భవనంలో 2001 నుంచి గేథె విశ్వవిద్యాలయం నడుస్తోంది.

యుద్ధానంతరం నేలతో, తలుపుతో, దోమతెరతో గుడారమే ఒక చిన్న ఇల్లయింది. దానిమీద తిరుగుబాటు అమెరికా నుంచి వచ్చింది. 1955లో 67 ఏళ్ళ ఎమ్మా గేట్‌వుడ్ భుజాన గుడ్డసంచీ, వానకు స్నానాలగది తెర ఒకటి పట్టుకుని అపలాచియన్ కాలిబాట మొత్తం నడిచింది. 1992లో రే జార్డైన్ దీర్ఘయాత్రికుల కోసం రాసిన పుస్తకం గుడారాన్ని వదిలి టార్ప్ పట్టమని వాదించింది. వాదనలో బలముంది. ఇద్దరి గుడారం సుమారు రెండు కిలోలుంటే, సిలికాన్ పూసిన నైలాన్ టార్ప్ అరకిలో కూడా ఉండకపోవచ్చు. నాలుగువైపులా గాలి ఆడటంవల్ల ఊపిరి తేమ లోపల చెమ్మై కారదు. వాన ఏ వైపు నుంచి కొడితే ఆ వైపు కిందికి దించి కట్టుకోవచ్చు. అయితే ముళ్ళు వేయడం రావాలి. స్థలం ఎంచుకోవడం అంతకన్నా ముఖ్యం. గుంటలో పడుకున్నవాడికి నీరు కిందనుంచే వస్తుంది. హెస్సె అడవుల్లో గోమార్లు మెదడువాపునూ, లైమ్ వ్యాధినీ తెస్తాయి గనక నేలలేని పడక కొందరికి పనికిరాదు. జార్డైన్ శిష్యులు ఈ చివరి విషయాన్ని తేలిగ్గా దాటవేస్తారు.

చట్టం సంగతి మిగిలింది. జర్మనీలో 1975 నాటి సమాఖ్య అటవీ చట్టం విశ్రాంతి కోసం అడవిలో తిరిగే హక్కును అందరికీ ఇస్తుంది. అడవి ప్రైవేటు ఆస్తి అయినా సరే. పడుకునే హక్కు అందులో లేదు. హెస్సెలో గుడారం వేయాలంటే అటవీ యజమాని సమ్మతి కావాలి. నేలా గోడలూ లేని టార్ప్ గుడారం కిందికి వస్తుందా అన్నది నడకరుల మధ్య తెగని తగువు. ప్రకృతి రక్షిత ప్రాంతాల్లో మాత్రం ఆ తగువుకే చోటు లేదు. ఫాల్స్, స్పెసార్ట్, నల్ల అడవి ప్రాంతాల్లో నడకరుల కోసం ప్రత్యేకించిన బసలున్నాయి, ముందుగా చోటు కేటాయింపజేసుకోవాలి. మిగతా చోట్ల టార్ప్ కట్టేవారు చీకటి పడ్డాక కట్టి, తెల్లవారేలోగా విప్పి మడిచి సంచిలో పెట్టుకుంటారు.