కటితల వ్యాయామము: పుట్టుపూర్వోత్తరములు

బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అగర చెరువుచెంత ఉదయము నడచు తెలుగు స్త్రీలలో, కుమార్తె కాన్పునకై స్వస్థలము విడిచి వచ్చిన తల్లులును, కంప్యూటరు కొలువులలో స్థిరపడిన కోడండ్రును కలరు. మోకాళ్ల నొప్పిని, చక్కెరవ్యాధిని గూర్చి దారి పొడవునను ముచ్చటించుకొను వీరు, దగ్గినను, తుమ్మినను, బరువెత్తినను మూత్రము జారిపోవు బాధను మాత్రము తోడబుట్టినదానికైనను చెప్పుకొనరు. కత్తితో పనిలేని చికిత్స దీనికి చిరకాలముగ కలదని వారికి తెలియజేయుటకే ఈ వ్యాసము.

కటిప్రదేశపు అడుగున, ముందరి జఘనాస్థి మొదలు వెనుకటి అనుత్రికము దాక ఊయలవలె వ్యాపించిన కండరములు మూత్రాశయమును, గర్భాశయమును, పురీషనాళమును నిలిపి యుంచును. ప్రసవవేళ అవి మిక్కిలి సాగి, వాని నరములును నలిగి, పట్టు సడలినచో, దగ్గుతో ఉదరమున హఠాత్తుగా హెచ్చిన ఒత్తిడికి మూత్రమార్గము మూతపడి నిలువజాలదు. ఆ కండరములను బిగించి సడలించుచు సాధన చేయుటయే పైన చెప్పిన చికిత్స, కటితల వ్యాయామము.

మన దేశమున పదునైదవ శతాబ్దమునాటి స్వాత్మారాముని హఠయోగప్రదీపికలో మూలబంధము వర్ణింపబడినది: మడమతో గుదమునకు ముందరి స్థానమును నొక్కి, గుదమును సంకోచింపజేసి, అపానవాయువును ఊర్ధ్వముఖము గావించుట. బిగించు కండరములు ఇంచుమించు అవియే యైనను, యోగి కోరినది ప్రాణాపానముల ఐక్యము గాని బాలింతరాలి స్వాస్థ్యము కాదు. కనుక ఈ చికిత్స యావత్తు మన గ్రంథములందే కలదని గర్వించుట సత్యమునకు అపచారమని నా అభిప్రాయము.

చికిత్సగా ఈ వ్యాయామమునకు ఆకృతి నిచ్చినవారిలో ముందుగా స్మరింపదగినది ఒక స్త్రీ. నర్తకియు, ఫిజియోథెరపిస్టును అయిన మార్గరెట్ మోరిస్ 1936లో బ్రిటనులో, ఈ కండరములను బిగించి సడలించుట మూత్రము జారుటను నివారించుననియు, మాన్పుననియు తెలిపెను. పండ్రెండేండ్లకు, 1948లో, లాస్ ఏంజెలెస్ స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ తన ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. వ్యాయామమునకు ఆయన పేరే స్థిరపడినది. అయితే కెగెల్ మహాశయుడు బిగింపుమని చెప్పి ఊరకుండలేదు. పెరినియోమీటరను సాధనమును కల్పించి, తన బిగింపు ఎంత పీడనమును పుట్టించుచున్నదో స్త్రీ తన కన్నులతో తానే చూచుకొనునట్లు చేసి, దినమునకు మూడు మారులు ఇరువది నిమిషముల చొప్పున సాధన చేయించెను. తరువాతి కాలమున పేరు నిలిచినది. పరీక్ష మరుగున పడినది. మాటతోనో కాగితముతోనో సరిపెట్టుట పరిపాటి అయ్యెను.

ఆ లోపమెంతటిదో 1991లో అమెరికాలో రిచర్డ్ బంప్ బృందము చూపెను. క్లుప్తముగా నోటిమాటతో నేర్పబడిన 47 మంది స్త్రీలలో సరిగా బిగింపగలిగినవారు సగమునకు లోబడియే యుండిరి. నాల్గవవంతు మంది చేయు రీతి మూత్రము జారుటను పెంచునట్టిది! సరిగా నేర్చి చేసినచో ఫలమెట్టిదో పలు పరిశోధనల ఫలితములను క్రోడీకరించిన 2018 నాటి కోక్రేన్ సమీక్ష తెలుపుచున్నది: దగ్గు, తుమ్ములకు మూత్రము జారు స్త్రీలలో, ఈ శిక్షణ పొందినవారిలో 56 శాతమును, పొందనివారిలో 6 శాతమును తమకు నయమైనదని చెప్పిరి.

కావున సోదరీమణులారా, కాన్పు తరువాతి వైద్యపరీక్షకు పోయినప్పుడే ఈ బాధను నోరు తెరచి చెప్పుడు. ఇందు శిక్షణ గల ఫిజియోథెరపిస్టుచేత మీ బిగింపు సరియైనదో కాదో పరీక్ష చేయించుకొని, ఊపిరి బిగబట్టక, మారునకు కనీసము ఎనిమిది బిగింపుల చొప్పున దినమునకు మూడు మారులు, మూడు నెలలు విడువక సాధన చేయుడు. ఈ బాధ కలదేమోయని మీ తల్లిని, అత్తగారిని కూడ అడుగుడు. వారికిని ఈ సాధనకు వయసు మీరలేదు.