రంగూను నేర్పిన పాఠము

పూర్వము విశాఖ, గోదావరి మండలములలో “రంగం పోయినాడు” అను మాట ప్రతి గ్రామమునను వినబడుచుండెడిది. రంగమనగా రంగూను నగరము. కాకినాడలోను, విశాఖపట్టణములోను, బిమిలీపట్టణములోను ఓడనెక్కి మనవారు వేలకొలదిగా బర్మాకు వెళ్ళెడివారు. అక్కడ రేవులలో బస్తాలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పనిచేసిరి, వరిచేలు కోసిరి. బర్మావారు వీరిని “కోరంగీలు” అని పిలిచిరి. అది మన కోరంగి రేవునుబట్టి వచ్చిన పేరు. 1931 జనాభా లెక్కల ప్రకారము రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే.

అసత్యప్రచారము ప్రజాప్రభుత్వమునకును, పత్రికాస్వాతంత్ర్యమునకును ఎట్టి ముప్పు తెచ్చునో నేడు లోకమంతయు చర్చించుచున్నది. మేము ఆ చర్చను ఈ పాత రేవునుండి ఆరంభింపదలచితిమి. ఏలయన, ఈ విషయమున బర్మా, అనగా నేటి మయన్మార్, అనుభవించినంత బాధ అనుభవించిన దేశములు అరుదు. ఆ కథ తొలి ప్రకరణములలో మన తెలుగువారును పాత్రధారులే.

1930 మే మాసమున రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె కట్టిరి. ఓడల యజమానులు వారి స్థానమున బర్మా కూలీలను పెట్టుకొనిరి. పిదప రాజీ కుదిరి, తెలుగువారు తిరిగి పనిలో చేరగా, బర్మా కూలీలు వట్టి చేతులతో మరలవలసి వచ్చినది. ఆ అవమానమునుండి పుట్టిన కలహము నగరమంతట వ్యాపించి, వందకు పైగా ప్రాణములను బలిగొన్నది. ఇది కూటికై జరిగిన తగవు. అసత్యప్రచారమువలన కలిగినది కాదు. కాని మనసులలో ఎండిన గడ్డి పేరుకొన్నచో నిప్పురవ్వ ఎక్కడనుండి వచ్చినను చాలును.

ఆ రవ్వ 1938లో పడినది. కొన్నియేండ్లకు ముందే వెలువడిన ఒక పుస్తకము తిరిగి అచ్చయినది. అందులో బౌద్ధధర్మమును నిందించు భాగము కలదని కొన్ని పత్రికలు ఉద్రేకపూరితముగా వ్రాసినవి. జూలై 26వ తేదీన రంగూనులోని ష్వెడగాన్ పగోడా వద్ద పెద్ద సభ జరిగినది. సభనుండి వెలువడిన జనము వీధులలో భారతీయులపై, ముఖ్యముగా ముస్లిములపై పడినది. అల్లరులు రంగూనును దాటి జిల్లాలకు ప్రాకినవి. విచారణకై నియమింపబడిన సంఘము 1939లో నివేదికను సమర్పించినది. పుస్తకము నెపమాత్రమనియు, అసలు కారణములు భూములు చేజారిన రైతుల బాధలోను, అప్పులలోను, బ్రదుకుతెరువులోని పోటీలోను కలవనియు ఆ సంఘము తేల్చినది. అయినను మంటను ఎగదోసిన దోషము పత్రికలదని నిర్మొగమాటముగా చెప్పినది.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. పత్రికలు తప్పుచేసినవి, నిజమే. కాని ప్రతి పత్రికకును ఒక పేరు, ఒక సంపాదకుడు, ఒక ముద్రణాలయము ఉండెను. ఎవరు వ్రాసిరి, ఏ దినమున వ్రాసిరి, ఏ పుటలో వ్రాసిరి అని విచారణసంఘము అడుగగలిగినది. అబద్ధమునకు కూడ అప్పుడొక చిరునామా ఉండెను.

1942లో జపానుసేనలు రాగా లక్షలాది భారతీయులు అడవులను, కొండలను దాటి కాలినడకను స్వదేశమునకు తరలివచ్చిరి. త్రోవలో వేలకొలదిగా మరణించిరి. 1948లో బర్మా స్వతంత్రమైనది. 1962లో జనరల్ నే విన్ సైన్యబలముతో అధికారమును హస్తగతము చేసికొనెను. వ్యాపారములు జాతీయము చేయబడగా మిగిలినవారిలో పెక్కుమంది ఓడలెక్కి వచ్చిరి. బర్మా కాలనీ అను పేరుగల పేటలు మన పట్టణములలో వెలసిన కథ ఇదియే.

సైనికప్రభుత్వము పత్రికలకు ముందస్తు పరీక్షను విధించినది. అచ్చుకు పోవు ప్రతి పుటయు అధికారుల కంటబడవలసినదే. స్వదేశపు రేడియో ప్రభుత్వము చెప్పుమన్నదే చెప్పుచుండెను. అందుచేత 1988లో రంగూను వీధులలో ప్రజలు తిరుగబడినప్పుడు, తమ ఊరిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు వారు లండను నుండి వచ్చు బి.బి.సి. బర్మీభాషా ప్రసారములను ఆశ్రయించిరి. ఇరుగుపొరుగు వీధి వార్త కొరకు సముద్రములకు ఆవలనున్న కేంద్రమును వినవలసివచ్చుటకంటె ఒక దేశపు రేడియోకు వేరొక అపకీర్తి ఉండదు. ప్రసారవృత్తిలోనున్న మేము ఈ మాటను ఇతరులను వెక్కిరించుటకు వ్రాయుటలేదు. మమ్ము మేము హెచ్చరించుకొనుటకే వ్రాయుచున్నాము.

ఈ ముందస్తు పరీక్ష 2012 ఆగస్టు 20వ తేదీన తొలగినది. 2013 ఏప్రిలు 1వ తేదీనుండి ప్రైవేటు దినపత్రికలు వెలువడినవి. అర్ధశతాబ్దము పిదప ఆ దేశము స్వేచ్ఛావాయువును పీల్చినది. ఆ సమయముననే మరియొక మార్పు వచ్చినది. అంతకుముందు వందల డాలర్లు పెట్టినగాని లభింపని సెల్‌ఫోను సిమ్ కార్డు, 2014లో విదేశీ సంస్థలు ప్రవేశించిన వెంటనే ఒకటి రెండు డాలర్లకు దిగినది. కొలది సంవత్సరములలోనే దేశములో అధికసంఖ్యాకుల చేతికి ఫోను వచ్చినది. వారిలో అనేకులకు ఇంటర్నెట్ అనగా ఫేస్‌బుక్కే. దినపత్రికను చదివి, పోల్చి, సందేహించు అలవాటు కుదురుటకు ముందే ఆ జనులమీద వార్తల వెల్లువ వచ్చిపడినది.

ఫలితము 2014 జూలై మొదటివారమున మాండలే నగరములో కనబడినది. ఒక ముస్లిము టీ దుకాణపు యజమాని తన కడ పనిచేయు బౌద్ధయువతిని చెరిచినాడను వార్త ఫేస్‌బుక్కులో వెలువడినది. విరాతు అను భిక్షువు దానిని పెక్కుమందికి చేరవేసెను. అల్లరులు చెలరేగి ఇద్దరు మరణించిరి. ఒకరు బౌద్ధుడు, ఒకరు ముస్లిము. ఆ ఆరోపణ కల్పితమని తరువాత తేలినది. కాని చనిపోయినవారికి ఆ సవరణ వలన ఒరిగినదేమి? 2015 ఆరంభమున ఆ కంపెనీలో బర్మీభాష చదివి, అభ్యంతరకరమైన వ్రాతలను పరిశీలించువారు ఇద్దరే ఉండిరని రాయిటర్స్ వార్తాసంస్థ పిదప వెల్లడించినది. ఒక దేశపు సంభాషణ అంతయు సాగుచున్న ఇంటికి ఇద్దరు కావలివారు!

2017 ఆగస్టు 25వ తేదీన రఖైన్ రాష్ట్రములో రోహింగ్యా సాయుధదళమొకటి పోలీసు ఠాణాలపై దాడిచేసినది. దానికి బదులుగా సైన్యము గ్రామములకు గ్రామములనే తగులబెట్టినది. కొలది నెలలలో 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశమునకు పారిపోయిరి. ఆ సెప్టెంబరులో రెండువిధములైన సందేశములు ఫోనులలో తిరిగినవి. సెప్టెంబరు 11వ తేదీన ముస్లిములు దాడి చేయనున్నారని బౌద్ధులకు ఒకటి; బౌద్ధులే దాడి చేయనున్నారని ముస్లిములకు ఇంకొకటి. ఇరువర్గములను ఒకే దినమునకు భయపెట్టిన ఈ పన్నాగము వెనుక సైన్యపు గూఢచారిశాఖ కలదని 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వ్రాసినది. పేరులేని పుటల వెనుక కూర్చుండి వ్రాసినవారు అనామకులైన అల్లరిమూకలు కారు. జీతములు పుచ్చుకొను సైనికులు. ద్వేషవ్యాప్తిలో సామాజిక మాధ్యమములు నిర్ణాయకమైన పాత్ర వహించినవని 2018 మార్చిలో ఐక్యరాజ్యసమితి విచారణబృందపు అధ్యక్షుడు ప్రకటించెను. తాము చేయవలసినంత చేయలేదని ఆ సంవత్సరము నవంబరులో కంపెనీయే ఒప్పుకొన్నది.

ఇక పత్రికాస్వాతంత్ర్యపు మాట. 2017 సెప్టెంబరు 2వ తేదీన ఇన్ దిన్ అను గ్రామములో పదిమంది రోహింగ్యా పురుషులను చంపి ఒకే గోతిలో పూడ్చిరి. వా లోన్, చ్యా సో ఊ అను ఇద్దరు రాయిటర్స్ విలేఖరులు ఈ ఘటనను శోధించిరి. చంపిన పొరుగువారిని, సైనికులను, చనిపోయినవారి కుటుంబములను విచారించి, ఛాయాచిత్రములు సేకరించిరి. డిసెంబరు 12వ తేదీ రాత్రి పోలీసులు వారిని విందుకు పిలిచి కాగితములు చేతబెట్టిరి. బయటకు రాగానే పట్టుకొనిరి. అది ముందుగా పన్నిన వలయని ఒక పోలీసు అధికారియే న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను; అతడు కూడ చెరసాల పాలయ్యెను. విలేఖరులపై ప్రయోగించిన చట్టము 1923 నాటి అధికార రహస్యముల చట్టము. బర్మా మన ఇండియాలో ఒక రాష్ట్రముగా ఉన్నప్పుడు ఆంగ్లేయులు చేసిన శాసనమే అది. ఆ పేరుతోనే అది మన దేశములోను నిలిచియున్నది.

2018 సెప్టెంబరు 3వ తేదీన వారికి ఏడేండ్ల శిక్ష విధింపబడెను. అదే దినమున మయన్మార్ సైన్యము తన పత్రికలో ఒక క్షమాపణ ప్రకటించినది. రోహింగ్యాల చరిత్రయని చెప్పి సైన్యము వెలువరించిన పుస్తకములో, 1971 నాటి బంగ్లాదేశయుద్ధపు ఛాయాచిత్రమును రోహింగ్యాలు చేసిన హత్యలుగాను, 1996 నాటి రువాండా శరణార్థుల చిత్రమును వలసవచ్చు రోహింగ్యాలుగాను అచ్చువేసిరని అంతకుముందే రాయిటర్స్ బయటపెట్టినది. చిత్రములను మార్చి అబద్ధమాడినవారికి ఒక క్షమాపణతో సరిపోయినది. నిజము వ్రాసినవారికి ఏడేండ్ల చెర. ఇన్ దిన్ హత్యలకు పదేండ్ల శిక్షపడిన సైనికులు సంవత్సరము తిరుగకముందే విడుదలైరి. హత్యలను వెల్లడించిన విలేఖరులు 500 దినములకు పైగా చెరసాలలో ఉండి, 2019 మే 7వ తేదీన క్షమాభిక్షపై బయటకు వచ్చిరి.

తుదకు 2021 ఫిబ్రవరి 1వ తేదీన సైన్యము ఎన్నికైన ప్రభుత్వమును కూలద్రోసినది. నాలుగు దినములలో ఫేస్‌బుక్కును మూయించినది. మార్చి 8వ తేదీన అయిదు వార్తాసంస్థల అనుమతులను రద్దుచేసినది. దేశస్థిరత్వమును కాపాడుటకని చెప్పినది. అబద్ధమును వ్యాపింపజేసిన చేతికే అబద్ధమును అణచు అధికారము దక్కినచో ఏమగునో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఇది. అసత్యమునకు మందు నోరునొక్కుట కాదు. అర్ధశతాబ్దపు నోరునొక్కుడే ఆ ప్రజలను పరీక్షించి నమ్ము అలవాటునకు దూరము చేసినది. అట్లని చిరునామా లేని మాటకు అడ్డులేని దారి విడుచుటయు స్వేచ్ఛ కాదు. పేరు చెప్పుకొని వ్రాయువాడు, తప్పినచో సవరించువాడు, అధికారి కోపమునకు లోనైనను రక్షణ పొందువాడు ఉండవలెను. అట్టివారు ఉన్నచోటనే ప్రజాప్రభుత్వము నిలుచును.

మన ముంగిటిలోనే ఒక చక్కని ఉదాహరణము కలదు. 2018లో పిల్లలనెత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి వాట్సాప్ ద్వారా తెలుగునాట కూడ వ్యాపించి, అమాయకులు దెబ్బలు తినిరి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఎవరి ఫోనును మూయించలేదు. తన సిబ్బందిని ఊరూరికి పంపి, డప్పు చాటింపు వేయించి, జానపద గాయకులచేత పాటలు పాడించి, ఆ వార్త అబద్ధమని ప్రజలకు ఎదురుగా నిలిచి చెప్పించినది. చెప్పువాడు ఊరివారికి తెలిసినవాడు, అనుమానమున్నచో అడుగవచ్చును. డప్పు మ్రోగిన ఆ ఊళ్ళలో వదంతి అణగినది.

రంగము పోయిన మన పెద్దలు ఇంటికి జాబు వ్రాయించినప్పుడు వ్రాసినవాని పేరు కూడ క్రింద వ్రాయించుట కలదు. జాబు చదివినవారు మొదట ఆ పేరునే చూచెడివారు. చేతిలోని ఫోను వార్తను మరియొకరికి పంపబోవు ముందు మనమును అంతమాత్రము చూచుకొనినచో మేలు. ఆకాశవాణి మొదలు వీధిపత్రిక వరకు వార్త చెప్పు మాబోటివారు తమ పేరు క్రిందనే చెప్పవలెను. తప్పు చెప్పిననాడు ఆ పేరుతోనే ఒప్పుకొనవలెను.