నల్లగొండ పాట, పాలమూరు కిన్నెర

తెలుగు చలనచిత్ర సంగీత చరిత్రను వ్రాయబూనినవారు సంగీత దర్శకుల పుట్టినయూళ్లను వెదకుచు బోయినచో సాలూరు, కాకినాడ, బందరు, గుడివాడ మొదలగు తావులకు చేరుదురే గాని, కృష్ణకు ఉత్తరముననున్న నల్లగొండ, పాలమూరను పేరుగల మహబూబునగరముల దారి పట్టుట మిక్కిలి యరుదు. ఇందుకు కారణము ఆ నేలయందు సంగీతము లేకుండుట కాదు. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినది. ఘంటసాల వంటివాడు అచట విద్య నభ్యసించి మద్రాసు చేరగలిగెను. తీరాంధ్రమున పట్టణపట్టణమునకు నాటక సమాజములు, హార్మోనియపు గురువులు, పద్యము పాడించి రూపాయి చెల్లించు కంట్రాక్టర్లు ఉండిరి. నిజాము రాజ్యమందలి తెలుగు జిల్లాలలో చదువు ఉర్దూలో నడచినది. నలుగురు గూడి సభ జరుపుకొనవలెనన్నను గస్తీ నిషాన్ తిర్పన్ అను సర్కారు ఉత్తరువు అడ్డుపడెడిది. నాటకశాల లేనిచోట హార్మోనియము లేదు, హార్మోనియము లేనిచోట మద్రాసు స్టూడియోకు తోవ లేదు.

అయినను ఈ రెండు జిల్లాల వరుసలు తెలుగు చిత్రములలో లేవా యన్నచో, ఉన్నవి, బలముగా నున్నవి. వాని కర్తలను మనము సంగీతకర్తలని పిలువము, అంతియే. సినిమా ఒక పనిని నాలుగు పనులుగా చీల్చినది: మాట వ్రాయువాడొకడు, వరుస కూర్చువాడొకడు, పాడువాడొకడు, వాద్యముల నమర్చువాడు మరియొకడు. పల్లెలో పాట కట్టువానికి ఈ భేదము తెలియదు. వాని నోట మాటయు వరుసయు కవలలై పుట్టును. అట్టివాడు సినిమా వాకిట నిలిచినప్పుడు, మాట కాగితముపైకి ఎక్కును గనుక గీతరచయిత యన్న పేరైనను దక్కవచ్చును; వరుస మాత్రము ఎవ్వరిదియు కాని సొత్తుగా జమకట్టబడును. నల్లగొండ, పాలమూరుల సంగీత చరిత్రమంతయు ఈ జమఖర్చులోని లోపమే యని నా యభిప్రాయము.

ఈ మెట్టభూములలో పాట ప్రాచీనమైనది. పాల్కురికి సోమనాథుడు తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగు జానపద గేయభేదములను పేర్కొనినాడు. ఆయన బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య యను భక్తుడు కిన్నెర మీటుచునే శివుని మెప్పించెను. తరువాతి శతాబ్దములలో గొల్లసుద్దులు, శారదకథలు, పిచ్చుకుంట్ల కథలు, యక్షగానములు ఊరూర నడచినవి. బతుకమ్మ పాట ఇంటింట నడచినది. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిన సురవరము ప్రతాపరెడ్డి పాలమూరు జిల్లావాడే. రాజుల జయాపజయములకంటె జనుల ఆటపాటలే చరిత్రకు ముఖ్యమని ఈ నేలనుండియే యొకడు నొక్కి చెప్పుట యాదృచ్ఛికమని నేననుకొనను.

1940 తరువాతి దశకమున ఈ పాట మారినది. రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తరువాత, పల్లెజనులు "సంగం" అని పిలుచుకొనిన సంస్థ ఊరూర వేరూనినది. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకికి నేలకొరిగెను. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోనిదే. వెట్టిచాకిరిపై, గడీలపై సాగిన ఆ సమరమున గుతుపలు, వడిసెలలు, బందూకులతోపాటు పాటయు నొక సాధనమైనది. సంగం కట్టిన ఊళ్లలో చదువ నేర్చినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. కరపత్రము పంచినను చదువువారు లేరు. జనులకు ముందే తెలిసిన వరుసలో క్రొత్త మాటలను పొదిగినచో, పాట రెండవ చరణమునకు చేరునప్పటికే వినువారు పల్లవి నందుకొందురు. పోలీసులు ఊరు చేరునప్పటికి పాడినవాడు పొలిమేర దాటిపోయినను పాట ఊరిలో నిలిచిపోవును. కావున ఆనాటి పాటకాండ్రు నూతన రాగముల నన్వేషింపక, బతుకమ్మనో గొల్లసుద్దినో ఎరువు తెచ్చుకొనుట పేదరికము వలన కాదు, తెలివి వలన.

ఆ తెలివికి మూర్తి సుద్దాల హనుమంతు. పాలడుగున చేనేత కుటుంబమున జన్మించి, సుద్దాల గ్రామమున స్థిరపడిన ఈయన యింటిపేరు గుర్రమువారే యైనను, లోకము ఆయనను ఊరిపేరుతోనే యెరుగును. గొంగడి భుజమున వైచుకొని, కర్ర చేతబట్టి, నాయకుడొకడు కథ చెప్పగా వంతలు హాస్యముతో నందుకొను గొల్లసుద్దుల ప్రక్రియను ఆయన గైకొని, యాదవరాజుల కథలుండు తావున దొరల ఆగడములను, వెట్టివారి గోడును నిలిపెను. బుర్రకథ చెప్పెను, పిట్టలదొర వేషము కట్టెను, వీర తెలంగాణ యను యక్షగానమును రచించెను. దొరయింట జీతమునకు కుదిరి పశువులుగాచు పసివానిపై ఆయన కట్టిన "పల్లెటూరి పిల్లగాడ" యను పాటలో క్రోధముకంటె లాలన యెక్కువ. ఉద్యమగీతమనగానే ఉచ్చైస్స్వరమే యను భ్రమగలవారు ఆ పాటను మరల వినవలెను. తల్లి బిడ్డను పలుకరించునట్టి వరుసలో వ్యవస్థపై అంతటి నేరారోపణ మిముడుననుట సామాన్యుడైన స్వరకర్తకు తోచు విషయము కాదు. అదే కాలమున బండి యాదగిరి యను పోరాటయోధుడు "బండెనక బండి కట్టి" యను పాట కట్టెను. నిజాము సర్కారునే పేరుపెట్టి నిలదీసిన ఆ పాట నడకలో లాలన లేదు, పదఘట్టన మున్నది. ఒక జిల్లా, ఒక సమరము, రెండు స్వభావముల వరుసలు.

ఇచట చరిత్ర రెండు పాయలుగా చీలినది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి తీరాంధ్రమున పల్లెపల్లెకు పాటను, బుర్రకథను, నాటకమును మోసికొనిపోయినది; సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు తెలంగాణ పోరాటమునే యితివృత్తముగా గైకొని 1947లో మాభూమి నాటకమును రచించిరి. నిర్బంధము పెరిగి దళములు చెదరిన పిమ్మట ఆ కళాకారులలో పలువురు మద్రాసు చేరిరి. గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు చిత్రమును తీసెను. తాతినేని చలపతిరావు, బి. గోపాలము వంటివారు సంగీత దర్శకులై పేరొందిరి. నల్లగొండ పాటకాండ్రకు ఆ మార్గము లేకపోయినది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాతను అచట పోరాటమాగలేదు; 1951 అక్టోబరు వరకు సాగినది. పాడినవారిలో కొందరు అడవులలో నుండిరి, కొందరు జైళ్లలో నుండిరి, కొందరు అసలే లేరు. ఒక్కటే ఉద్యమము తీరమున చిత్రసంగీతమునకు మనుష్యుల నిచ్చినది. మెట్టభూమిలో పాటల నిచ్చి మనుష్యులను దాచుకొనినది.

ఆ పాటలు తెరకెక్కుటకు మూడు దశాబ్దములు పట్టినది. 1979లో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథుల నిర్మాణమున, వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్ దర్శకత్వమున రూపొందిన మాభూమి చిత్రమునకు పై నాటకముతో పేరొక్కటే సమానము. దానికి మూలము కృష్ణచందర్ ఉర్దూ నవల. సంగీతమును కూర్చినవారు వింజమూరి సీత, నాగభూషణములు. వింజమూరి సోదరీమణులు సీత, అనసూయలు దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడండ్రు, కాకినాడ ప్రాంతమువారు. జానపద గేయమును కచేరీ వేదిక నెక్కించి దానికి పండితుల సభలో పీట వేయించినవారు. గోదావరి తీరపు గాయని నల్లగొండ వరుసను చేపట్టుట చూడ ప్రమాదకరముగనే తోచును. కచేరీ మెరుగు పెట్టినచో గరుకుతనము పోయి, పాట ప్రాణము పోవచ్చును. అట్లు జరుగలేదు. ప్రజాగాయకుడైన గద్దరు స్వయముగా తెరపై నిలిచి యాదగిరి పాటను పాడగా, మనకు ప్రధానముగా వినబడునవి ఆ కంఠము, దాని వెంట వచ్చు బృంద కంఠములు మాత్రమే. ఎక్కడ చేయి పెట్టకూడదో తెలిసికొనుటయు సంగీత దర్శకుని విద్యలో నొక భాగమే. దానికి బహుమతులిచ్చువారు మాత్రము కనబడరు. హనుమంతుని పాటయు అందే తెరకెక్కినది. ఆయన 1982లో పరమపదించెను. తన పాట చిత్రమున మ్రోగుటను బ్రతికియుండగనే వినగలిగెననుట యొక్కటే ఈ కథలోని ఊరట.

ఆ పిమ్మటి కథను త్వరగా చెప్పుకొనవచ్చును. ఖమ్మము జిల్లావాడైన వందేమాతరం శ్రీనివాస్ ప్రజానాట్యమండలి కంఠమునే పెట్టుబడిగా తెచ్చుకొని చిత్రసీమలో సంగీత దర్శకుడాయెను. పాలమూరు గౌరారమున బుట్టిన గోరటి వెంకన్న కట్టిన పల్లె కన్నీటి పాట శ్రీనివాస్ సంగీతమున కుబుసం చిత్రము ద్వారా తెలుగు జనులందరికి చేరినది. ఆ పాటను విన్నవారు చేతివృత్తుల పతనమునుగూర్చి వ్యాసములు చదువ నక్కరలేదు. నల్లగొండ జిల్లావాడైన ఎన్. శంకర్ 2011లో తీసిన జై బోలో తెలంగాణకు సంగీతము మహబూబాబాదు ప్రాంతీయుడైన చక్రి కూర్చినను, జనుల నోట నిలిచినది గద్దరు పాట. సినిమాలో సంగీత దర్శకుని పేరు, జనులలో పాటకాని పేరు. ఈ రెండు లెక్కలు ఎన్నడును కలియలేదు.

హనుమంతుని కుమారుడు అశోకతేజ సినిమాకు వచ్చెను; ఠాగూరు చిత్రమందలి గీతమునకు 2003 సంవత్సరపు జాతీయ పురస్కారము నందెను; 2022లో విడుదలయైన ఆర్.ఆర్.ఆర్.లో కొమురం భీముని పాట వ్రాసెను. తండ్రి మాటను, వరుసను కలిపి కట్టినవాడు. కుమారునికి సినిమా యిచ్చిన పీట మాత్రము మాటది. ఆ చిత్రమున వరుస కీరవాణిది. ఇందు నిందింపదగిన వారెవ్వరును లేరు, వృత్తిధర్మమే అట్టిది. కాని ఒక యింట రెండు తరములలో ఒక విద్య సగమై పోయినదనుట మరువరాదు.

ఇక కిన్నెర. వెదురుదండము, ఎండిన సొరకాయ బుర్రలు, తీగెలు, తేనెమైనముతో నిలిపిన మెట్లు: ఇంతియే ఆ వాద్యము. మెట్లు పండ్రెండు. పాలమూరున దీనిని వాయించువారు డక్కలివారు. వారి కథలలో నాయకులు రాజులు కారు, పండుగ సాయన్న, మియాసాబు వంటి సాహసికులు. ఉన్నవాని దోచి లేనివానికి పంచిన పండుగ సాయన్నను సర్కారు దొంగ యన్నది, కిన్నెర వీరుడన్నది. లింగాల మండలమందలి అవుసలికుంట నివాసియైన దర్శనం మొగులయ్య ఈ పరంపరలోనివాడు. 2021లో తమన్ సంగీతమున వెలువడిన భీమ్లా నాయక్ శీర్షికగీతమునకు నాంది పలికినది మొగులయ్య కంఠము, కిన్నెర. క్షణములలోనే డోళ్లు, యంత్రవాద్యములు వచ్చి ఆ నాదమును ముంచివేయును. అయినను ఆ కొద్ది క్షణములే పాటకు ముఖము. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో భవన నిర్మాణపు కూలిగా పనిచేయుచున్నాడను వార్తయు పత్రికలలో వచ్చినది.

బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపద గేయ సాహిత్యముపై పరిశోధన గావించి, ఇది పండిత పరిశ్రమకు తగిన విషయమని నిరూపించి ఏడు దశాబ్దములు కావచ్చినది. పరిశోధకులు మాటలను లిఖించి భద్రపరచిరి. వరుసలను స్వరబద్ధము చేసినవారు తక్కువ. ఆ లోటును సినిమా తన లాభముగా మలచుకొనుచున్నది. 2021లో లవ్ స్టోరీ చిత్రమందలి సారంగ దరియా పాట వెలువడినప్పుడు, ఆ జానపదమును సేకరించి పాడినవారికి గుర్తింపేదియని వాగ్వాదము రేగినది. పదిమంది పదిరకములుగా మాటలాడిరి గాని, వరుస ఏ యూరిదని అడిగినవారు కానరారైరి. చిత్రము ఆరంభమున కథకునకు, కవికి, కత్తెర పట్టినవానికి, పోరాటములు కూర్చినవానికి వేర్వేరు పంక్తులున్నవి. జానపద వరుసను గైకొనిన ప్రతి పాటకు "వరుస" అను పంక్తి యొకటి చేర్చి, కట్టినవాని పేరు తెలిసినచో పేరు, తెలియనిచో ఊరు, అదియు తెలియనిచో ఆ కథకుల తెగ పేరు వ్రాయుటకు నిర్మాతలకు కాణి ఖర్చు కాదు. తెలంగాణమున చిత్రపరిశ్రమకు పన్ను రాయితీలనుగూర్చి, పురస్కారములనుగూర్చి చర్చించుచున్న పెద్దలు ఈ చిన్న నిబంధనను కూడ చేర్చవలెనని కోరుచున్నాను.