ఓ. విన్‌స్టన్ లింక్ మ్యూజియం

ఓ. విన్‌స్టన్ లింక్ మ్యూజియం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వర్జీనియా రాష్ట్రంలో, రోనోక్ నగరంలో ఉన్న ఛాయాచిత్ర ప్రదర్శనశాల. ఆవిరి రైలు ఇంజన్ల చివరి రోజులను చిత్రించిన ఛాయాగ్రాహకుడు ఓ. విన్‌స్టన్ లింక్ (1914–2001) కృషికి ఇది అంకితం చేయబడినది. 2004 జనవరిలో ప్రారంభమైన ఈ మ్యూజియం నార్ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే వారి పాత ప్రయాణికుల స్టేషను భవనంలో ఉన్నది. ఈ భవనానికి 1949లో ప్రసిద్ధ రూపశిల్పి రేమండ్ లోవీ ఆధునిక రూపం కల్పించాడు.

నేపథ్యం

నార్ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వేకు అపలాచియన్ పర్వత ప్రాంతపు బొగ్గు రవాణా ప్రధాన ఆదాయం. అందువలన ఇతర పెద్ద రైల్వేలు డీజిలుకు మారిన తరువాత కూడా ఈ సంస్థ ఆవిరి ఇంజన్లను నడిపింది. వాటిని రోనోక్‌లోని సొంత కర్మాగారంలోనే తయారు చేసుకునేది. న్యూయార్కులో వాణిజ్య ఛాయాగ్రాహకుడైన లింక్ 1955 జనవరిలో పని మీద వర్జీనియాకు వచ్చి, ఈ ఇంజన్లను చూశాడు. అవి త్వరలో కనుమరుగవుతాయని గ్రహించి, సొంత ఖర్చుతో చిత్రించడం మొదలుపెట్టాడు. 1960లో ఆ రైల్వేలో ఆవిరి యుగం ముగిసేనాటికి సుమారు 2,400 చిత్రాలు తీశాడు.

రాత్రి చిత్రాలు

లింక్ చిత్రాలలో ప్రసిద్ధమైనవి రాత్రివేళ తీసినవి. పగలు ఎండ ఎటునుండి పడాలో ఛాయాగ్రాహకుడు నిర్ణయించలేడు. రాత్రి వెలుతురు అతని అదుపులో ఉంటుంది. నల్లని ఆకాశం ముందు తెల్లని ఆవిరి స్పష్టంగా కనబడుతుంది. ఇందుకై లింక్ పట్టాల వెంబడి అనేక ఫ్లాష్ బల్బులు అమర్చి, శ్రేణి వలయంగా కలిపి, కెమెరాతో పాటు ఒక్కసారిగా వెలిగేటట్లు చేసేవాడు. ఈ పద్ధతిలో తీగ ఒక్కచోట తెగినా ఏ బల్బూ వెలగదు. బల్బు ఒక్కసారికే పనికివస్తుంది, రైలు ఆగదు. కనుక గంటల తరబడి చేసిన ఏర్పాటుకు దక్కే అవకాశం ఒక్కటే.

1956లో వెస్ట్ వర్జీనియాలోని ఐగర్‌లో తీసిన 'హాట్‌షాట్ ఈస్ట్‌బౌండ్' వీటిలో ప్రఖ్యాతమైనది. ఆరుబయట, కార్లలో కూర్చుని సినిమా చూసే ప్రదర్శనశాల పక్కనుండి రైలు దూసుకుపోవడం ఇందులోని దృశ్యం. ఫ్లాష్ కాంతికి తెరపై బొమ్మ వెలిసిపోగా, తెరపై కనిపించే విమానాన్ని లింక్ మరొక నెగటివు నుండి చేర్చాడు. ముందువరుస కారులోని జంటను కూడా అతనే కూర్చోబెట్టాడు. ఈ విధంగా అతని చిత్రాలలో ఏర్పాటు చేసిన దృశ్యాలు ఉన్నప్పటికీ, ఆ ఇంజన్లు, ఊళ్ళు, మనుషులు వాస్తవమైనవి. రైలు మార్గంతో పెనవేసుకున్న పల్లె జీవితానికి అవి విలువైన ఆధారాలు.

చూడదగినవి

లింక్ ఛాయాచిత్రాల ముద్రణలు, ఆయన వాడిన పరికరాలు ఇక్కడి ముఖ్య ఆకర్షణలు. లింక్ ఇంజన్ల శబ్దాలను కూడా రికార్డు చేశాడు. 1950లో రోనోక్ కర్మాగారంలోనే తయారైన 611 సంఖ్య గల ఆవిరి ఇంజను ఇదే నగరంలోని వర్జీనియా రవాణా మ్యూజియం అధీనంలో ఉన్నది.