చందమామ ముఖం - కొయ్య మీద చెక్కిన కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. డి.ఏ. బకాయిల గూర్చి వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను చందమామను ఎంచుకున్నాను. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన దగ్గర నుంచి మనవలు సెల్‌ఫోనులో ఆ గుంతల బొమ్మలు చూపించి "తాతా, చంద్రుడంటే ఇదీ" అంటున్నారు. ఫొటో అన్నమాటే లేని రోజులలో ఆ గుంతలను లోకానికి చూపించినది ఉలి పట్టిన చెయ్యి. ఆ కథలో మన ప్రాంతానికి కూడా కొంత వాటా ఉన్నదని నా మనవి.

ముందుగా మన దగ్గరి సంగతి. నరసన్నపేట వారికి శ్రీముఖలింగం కొత్త కాదు. వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊరే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. అక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడున్నాయి. మధుకమంటే ఇప్పచెట్టు. నరికిన ఇప్పమానులో శివుని ముఖం కనిపించిందని స్థలపురాణం. సోముడంటే చంద్రుడు. అంటే మానులో ముఖం చూసిన కథ, చంద్రుని పేరు పెట్టుకున్న గుడి, రెండూ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. అనంతవర్మ చోడగంగ వేయించిన 1118 నాటి విశాఖపట్నం తామ్రశాసనంలో ఆ రాజులు తమ వంశాన్ని చంద్రుని నుంచే చెప్పుకున్నారు. పూర్వపు దానశాసనాలలో "ఆచంద్రార్కం" అనే మాట తరచు కనిపిస్తుంది. సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందని అర్థం. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఆర్.డిస్. ఫైలు అన్నమాట!

అయితే ఆ చంద్రుడు ఎలాంటివాడు? చంద్రునిలో మచ్చను మన పెద్దలు కుందేలన్నారు, జింక అన్నారు, చెట్టు కింద కూర్చున్న అవ్వ అన్నారు. పాశ్చాత్య దేశాలలో అరిస్టాటిల్ మతం ప్రకారం ఆకాశంలో ఉన్నవన్నీ లోపం లేనివి. కనుక చంద్రుడు నున్నని గోళమని దాదాపు రెండు వేల ఏళ్లు నమ్మారు.

1609లో గెలీలియో దుర్భిణి పెట్టి చూశాడు. చంద్రునిలో వెలుగు, చీకటి కలిసే గీత తిన్నగా లేదు, వంకరటింకరగా ఉంది. చీకటి భాగంలో అక్కడక్కడ వెలుగు చుక్కలున్నాయి. తెల్లవారే వేళ మహేంద్రగిరి కొమ్ముకు ముందు ఎండ తగులుతుంది, కింది ఊళ్లలో ఇంకా చీకటే. ఆ చుక్కలు కూడా అటువంటి కొండ కొమ్ములేనని అతడు గ్రహించాడు. ఆ చుక్క గీతకు ఎంత దూరంలో ఉన్నదో చూసి కొండ ఎత్తు కూడా లెక్క కట్టాడు. 1610లో వెనిస్ నగరంలో ఆ సంగతి పుస్తకంగా వేశాడు. చంద్రుని బొమ్మలను రాగిరేకుల మీద చెక్కించి అచ్చు వేశారు.

అదే ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో అనుమతి లేకుండా ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేశారు. అక్కడి బొమ్మలు కొయ్య అచ్చులవి. చంద్రుని నేలను మనిషి కొయ్యలో చెక్కిన తొలి సందర్భాలలో ఇదొకటి. కొయ్య అచ్చు పని మనవారికి తెలియనిది కాదు. పెడన కలంకారీ అద్దకం వారి టేకు అచ్చులను చూసినవారికి ఇట్టే బోధపడుతుంది. తొలిచిన చోటు తెల్లగా ఉండిపోతుంది, మిగిల్చిన చోటు రంగు అంటుకుంటుంది. బొమ్మను ఎడమ కుడిగా తిప్పి చెక్కాలి. రాగిరేకులో అయితే ఇందుకు విరుద్ధం, గీసిన గాడిలో సిరా నిలుస్తుంది. అందుచేత సన్నని నీడలు రాగిలో వచ్చినట్లు ఆనాటి కొయ్యలో రాలేదు. గెలీలియో వాదానికి ప్రాణం ఆ నీడలే. మన కాపీయింగు సెక్షనులో నకలు కింద "తయారు చేసినది", "సరిపోల్చినది" అని రెండు సంతకాలు ఎందుకు పెట్టించేవారో ఈ ఉదంతం చూస్తే తెలుస్తుంది.

1661లో ఇంగ్లండులో క్రిస్టఫర్ రెన్ అనే శిల్పి, లండను సెయింట్ పాల్స్ చర్చి కట్టిన ఆయనే, ఎత్తుపల్లాలతో చంద్రగోళం తయారు చేసి రాజు రెండవ చార్లెసుకు సమర్పించాడు. అది ఇప్పుడు లేదు. రాజుగారి భవనంలో పెట్టిన వస్తువుకే దిక్కు లేకపోతే మామూలు వాటి మాట చెప్పనక్కరలేదు.

ఇక మన చేతిపనుల వైపు వద్దాము. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిణె మీద తిప్పి, లక్క రంగులు పూసి బొమ్మలు చేస్తారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. తరిణె మీద వచ్చేది నున్నని గుండ్రన, అంటే అరిస్టాటిల్ చంద్రుడు. గుంతలున్న చంద్రుడు కావాలంటే ఉలి పట్టాలి. ఆ విద్య బొబ్బిలి వీణలు చేసేవారిది. ఒక్క పనస దుంగను తొలిచి వీణ కుండను తీయడం వారికి తరతరాల పని. తరిణె, ఉలి రెండూ మన దగ్గరే ఉన్నాయి. బడిపిల్లలకు చెయ్యి పెట్టి తడిమి తెలుసుకునే కొయ్య చంద్రుని చేయించడానికి లోటు పని నేర్పు కాదు, అడిగేవారు.

చంద్రునికీ కొయ్యకూ మరొక ముడి పక్కనే ఒడిశాలో ఉంది. ఖండపడాలో పుట్టిన సామంత చంద్రశేఖరుడు (1835-1904) దుర్భిణి లేకుండా, వెదురుతోనూ కొయ్యతోనూ చేసుకున్న సాధనాలతో ఆకాశాన్ని కొలిచాడు. చంద్రుని నడకలోని మూడు తేడాలను పాశ్చాత్యుల పుస్తకాల సాయం లేకుండానే పట్టుకున్నాడు. తాటాకుల మీద వ్రాసిన ఆయన సిద్ధాంత దర్పణం 1899లో కలకత్తాలో అచ్చయింది. అచ్చు కాకపోతే ఆ జీవితకాలపు శ్రమ ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

మనకు తెలియవలసినది ఇదే. చంద్రుని మీద గాలి లేదు, వాన లేదు. 1969లో మనుషులు వేసిన అడుగుజాడలు ఇంకా ఎంతో కాలం ఉంటాయట. మన కొయ్యకు చెద ఉంది, మన జ్ఞాపకానికి వయసు ఉంది. కాబట్టి సభ్యులకు రెండు మనవులు. శుక్ల సప్తమి, అష్టమి రాత్రులలో మనవలను డాబా మీదకు తీసుకువెళ్లి, బైనాక్యులరుతో చంద్రుని వెలుగు చీకట్ల గీత దగ్గర చూపించండి. గుంతల నీడలు ఆ రోజులలోనే బాగా కనబడతాయి, పౌర్ణమినాడు కనబడవు. రెండవది, ఇంట్లో చెక్కుడు పని ఉన్న పాత ద్వారబంధమో, వీణో, తాటాకు పుస్తకమో ఉంటే ఫొటో తీయించి, అది ఏ కొయ్య, ఏ కాలంనాటిది, ఎవరు చేశారన్నది కాగితం మీద పెట్టండి. ఆ కాగితాన్ని ఇంట్లో మరొకరి చేత సరిపోల్పించి సంఘ కార్యాలయానికి అందజేయండి. అటువంటివి వస్తే వచ్చే సంచికలలో తప్పక వేయాలని కార్యదర్శి గారిని కోరుతున్నాను.