ఆడేవాళ్ళూ, ఆడించేవాళ్ళూ

‘మాయాబజార్’ టీవీలో ఎప్పుడు వేసినా, చేతిలో పని పక్కన పెట్టి కూర్చునే ఘట్టం ఒకటుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి, తన పెళ్ళి ముచ్చట తానే పాడుకుంటూ చిందులు వేస్తాడే, అది. తెర మీద కనిపించేది సావిత్రి. కానీ ఆ భుజాల విరుపూ, ఆ అడుగులో దూకుడూ, మధ్యలో చటుక్కున గుర్తొచ్చి తెచ్చిపెట్టుకునే సిగ్గూ, అన్నీ ఎస్.వి. రంగారావువే. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడు దూరితే ఆట ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు కెమెరా తిరగకముందే ఎవరో ఒకరు కూర్చుని జవాబు ఆలోచించి ఉండాలి గదా! ఆ ఆలోచించినాయన పేరు టైటిళ్ళలో ఇలా వచ్చి అలా వెళ్ళిపోతుంది. పసుమర్తి కృష్ణమూర్తి. సావిత్రి పేరు తెలియని తెలుగిల్లు లేదు. పసుమర్తి పేరు చెబితే మాత్రం “ఎవరండీ ఆయన?” అంటారు.

నాట్యం అనగానే మనకు ఆడేవాళ్ళే గుర్తుకొస్తారు. ఆడించేవాళ్ళ బతుకులు ఇంకా చిత్రమైనవి. ఒకే ఊళ్ళో ఒకే చెట్టు కింద అడుగులు నేర్చిన వాళ్ళలో ఒకాయన సినిమా దర్శకుడయ్యాడు, ఒకాయన పాఠశాల పెట్టాడు, ఇంకొకాయన ఎనభై ఏళ్ళకు చేరువయ్యేదాకా బతికి, తెర వెనుక మనిషిగానే మిగిలాడు. ఈ కథలో మన కడప జిల్లాకు ఏం సంబంధం అంటారేమో. చాలా ఉంది.

మొట్టమొదటి సంబంధం అయిదు వందల ఏళ్ళ నాటిది. మెకంజీ దొర తన మనుషుల చేత ఊరూరా రాయించిన కైఫీయతుల్లో మాచుపల్లి కైఫీయతు ఒకటి. సిద్ధవటం సీమను సమ్మెట గురవరాజు ఏలుతున్న రోజుల్లో, పన్ను కట్టలేని ఇళ్ళ ఆడవాళ్ళను పట్టి తెప్పించి, చెప్పుకోలేని చోట చిరతలు బిగించి డబ్బు రాబట్టేవాడట. ఆ దారిన వెళుతున్న కూచిపూడి భాగవతులు ఈ ఘోరం చూశారు. చూసి నోరు మూసుకుని విద్యానగరం చేరారు. అక్కడ రాజుగారి ఎదుట ఆడమన్నప్పుడు మాత్రం పురాణ కథ ఎత్తుకోలేదు. ఒకరు గురవరాజు, ఒకరు బంటు, ఒకరు ఆ దీనురాలు. చూసింది చూసినట్టు ఆడి చూపించారు. రాజు “ఇదేమిటి?” అని అడిగి, సంగతి తెలుసుకుని, దండును పంపి గురవరాజును పట్టించి శిక్షించాడని కైఫీయతు చెబుతుంది. 1502 ప్రాంతపు మాట ఇది అంటారు పండితులు. కూచిపూడి భాగవతుల గురించి దొరికే పాత దాఖలాల్లో ఇది ముఖ్యమైనది, అదీ మన సిద్ధవటం ఆడవాళ్ళ కన్నీళ్ళ పుణ్యమా అని. ఆ కేళికను కట్టిందెవరో, ఆ దీనురాలి వేషం వేసిందెవరో కైఫీయతు చెప్పదు.

రెండో సంబంధం పులివెందుల వైపుది. ఆ ప్రాంతపు పల్లెటూరి నుంచి వెళ్ళిన అన్నదమ్ములే బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి. ఉల్లిపాయల ఎగుమతి వ్యాపారం చేసిన కుటుంబం. అన్నగారు వాహిని సంస్థతో ‘వందేమాతరం’ (1939), ‘స్వర్గసీమ’ (1945), ‘మల్లీశ్వరి’ (1951) తీశారు. తమ్ముడుగారు చక్రపాణిగారితో కలిసి విజయా సంస్థ పెట్టి ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీశారు. ఈ ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. ఒకే ఇంట్లో రెండు ఫాల్కేలు! కూచిపూడి నుంచి మద్రాసు బండెక్కిన కుర్రాళ్ళకు కాలు ఆనించుకోవడానికి గచ్చునేల కావాలి గదా. ఆ నేల చాలామటుకు వేసింది పులివెందుల వాళ్ళే. విజయావారి దగ్గర నటులకు సైతం నెలజీతాలు ఉండేవి. ఒకటో తారీఖున జీతం అన్నమాట విని కళాకారుడి భార్య ఎంత నిబ్బరంగా నిద్రపోయి ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా!

బి.ఎన్. రెడ్డిగారి సినిమాలు రెండు నాట్యం చేసే ఆడదాని బతుకు చుట్టూనే తిరుగుతాయి. ‘స్వర్గసీమ’లో భానుమతి వీధిలో ఆడిపాడే పిల్లగా మొదలై రంగస్థలం మీద తార అవుతుంది. ఓ సంసారం కూలుతుంది. ‘మల్లీశ్వరి’లో వానకు తడిసి సత్రంలో తలదాచుకున్న మల్లి, సరదాగా ఆడిన ఒక్క ఆట మారువేషంలో ఉన్న రాయలవారి కంట పడుతుంది. బావ నోరు జారి పల్లకీ పంపమంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. మిగిలిందంతా కన్నీళ్ళే. ఆట బాగుంటే ఆడదానికి మేలు జరుగుతుందని నమ్మకం లేదు అని ఆ సినిమా నెమ్మదిగా చెప్పిందనిపిస్తుంది నాకు. ‘మల్లీశ్వరి’కీ అడుగులు కూర్చింది పసుమర్తివారే. 1925లో కూచిపూడిలో పుట్టి 2004లో పోయారు. ‘పాతాళభైరవి’లోని కోట వేడుకలూ, ‘మాయాబజార్’లోని మాయలూ ఆయన చేతిలోవే. ఆయన గొప్ప ఏమిటంటే, తన విద్య చూపించుకోవడానికి నాట్యం పెట్టలేదు. పాత్ర ఎలా నడుస్తుందో అలా ఆడించారు. రంగారావు నడకను సావిత్రి కాళ్ళకు తొడిగారు.

వేదాంతం రాఘవయ్యగారి దారి వేరు. 1919లో కూచిపూడిలో పుట్టినాయన. 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన ‘రైతుబిడ్డ’లో దశావతారాలు ఆడి తెలుగువాళ్ళకు తెరమీద కూచిపూడి రుచి చూపించారు. ఆ తరవాత నృత్య దర్శకుడు, ఆ తరవాత ఏకంగా దర్శకుడు. ‘దేవదాసు’ (1953) తీసింది ఈయనే అంటే ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్ళున్నారు. దేవదాసు ఏం నాట్యమాడాడండీ, మంచం దిగడమే కష్టం! కానీ మళ్ళీ చూడండి. శాలువా కప్పుకున్న నాగేశ్వరరావు తల వాల్చే తీరు, పార్వతి గుమ్మం దగ్గర ఆగే తీరు, అదంతా అభినయం తెలిసినవాడి కన్నే. ‘అనార్కలి’ (1955), ‘సువర్ణసుందరి’ (1957) బ్రహ్మాండంగా ఆడాయి. చాలా ఖర్చుతో తీసిన ‘రహస్యం’ (1967) దెబ్బ తీసింది. 1971లో, యాభై రెండేళ్ళకే వెళ్ళిపోయారు. దర్శకుడిగా ఆయన పేరు నిలిచింది గానీ, నర్తకుడు రాఘవయ్యను చూసినవాళ్ళు ఇప్పుడెక్కడ దొరుకుతారు?

ఇక మన ఇళ్ళల్లోకి నేరుగా వచ్చినాయన వెంపటి చినసత్యంగారు. ఈయనా కూచిపూడివారే, 1929లో పుట్టారు. మద్రాసులో సినిమాల్లో పని చేశారు. అందరూ సినిమాల్లోకి వెళ్ళాలని చూస్తుంటే, ఆయన అటునుంచి ఇటు వచ్చారు. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. కూచిపూడి మేళంలో ఆడవాళ్ళకు చోటు లేదు, సత్యభామ కూడా మగవాడే. 2012లో పోయిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు జడ ముందుకు వేసుకుని సత్యభామగా వస్తే, చూస్తున్న ఆడవాళ్ళు తమ నడక సరిచూసుకునేవారని చెప్పుకునేవారు. అలాంటి విద్యను చినసత్యంగారు గుమాస్తాల కూతుళ్ళకూ, డాక్టర్ల కూతుళ్ళకూ నేర్పారు. భుజంగరాయశర్మగారు మాట రాస్తే, పట్రాయని సంగీతరావుగారు బాణీ కడితే, ఈయన అడుగు కూర్చారు. ‘క్షీరసాగర మథనం’, ‘హరవిలాసం’, ‘పద్మావతీ శ్రీనివాస కళ్యాణం’ అలా వచ్చినవే. శోభానాయుడు లాంటి శిష్యురాలు ఆ చేతి మీదుగానే తయారైంది. పెళ్ళి సంబంధాల్లో “అమ్మాయికి డాన్సు వచ్చు” అన్న మాట గొప్పగా చెప్పుకోవడం ఆ తరంలోనే మొదలైందనుకుంటాను. పెళ్ళయ్యాక గజ్జెలు బీరువాలోకి వెళ్ళిపోవడమూ అప్పుడే మొదలైంది, అది వేరే సంగతి.

మరి అంతకు ముందు గజ్జె కట్టిన ఆడవాళ్ళు ఏమయ్యారు? గుళ్ళలో ఆడినవాళ్ళు, కచేరీల్లో ఆడినవాళ్ళు, మేజువాణీల్లో ఆడినవాళ్ళు? 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ పద్ధతిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కడప జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. ఆ చట్టం అవసరమైనదే. పసిపిల్లలను ముడుపు కట్టడం ఆగవలసిందే. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు అంత పోరాడింది అందుకే. కాని పాపం ఆపబోయిన చేతులకు విద్య కూడా అడ్డం వచ్చింది. అదే పదం, అదే జావళి మర్నాడు గౌరవస్తుల పిల్లలు ఆడితే కళ, నిన్నటిదాకా బతికించుకున్న ఆవిడ ఆడితే నామోషీ. నటరాజ రామకృష్ణగారు ఈ పాత నర్తకీమణుల ఇళ్ళకు వెళ్ళి, బతిమాలి, వాళ్ళ విద్యను రాసుకుని, ఆంధ్రనాట్యమని నిలబెట్టారు. రామప్ప గుడి శిల్పాలూ, జాయప సేనాని గ్రంథమూ ముందు పెట్టుకుని పేరిణిని లేపినదీ ఆయనే. 2011లో ఆయన పోయారు.

ఇక్కడ ప్రొద్దుటూరు ముచ్చట చెప్పాలి. బంగారు అంగళ్ళ ఊరు, దసరా వస్తే అమ్మవారిశాల చూడ్డానికి జిల్లా అంతా కదిలే ఊరు. ఆ ఊళ్ళోనే పుట్టపర్తి నారాయణాచార్యులుగారు పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతూ ‘శివతాండవం’ రాశారు. అగస్త్యేశ్వరుడి గుడిలో ప్రదక్షిణాలు చేస్తూ ఆ పాదాలు కట్టారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అందులో శివుడి తాండవమే కాదు, వెంటనే పార్వతి లాస్యమూ ఉంది. చదివితే చాలు, నట్టువాంగం వినిపిస్తుంది. ఒక పంతులుగారికి ఇంత లయ ఎక్కడిది?

ఆయన పెరిగింది పెనుకొండలో. అక్కడ రంజకం మహాలక్ష్మమ్మ అనే ఆవిడ దగ్గర చిన్నతనంలో నాట్యం నేర్చుకున్నారు. శ్రీవైష్ణవ పండితుల ఇంటి పిల్లవాడు, ఆ రోజుల్లో, ఒక నాట్యకత్తె దగ్గర అడుగులు వేశాడంటే ఇంట్లో ఏమన్నారో, ఊళ్ళో ఏమన్నారో మనం ఊహించుకోవలసిందే. ఆయన మాత్రం ఆ గురువును దాచుకోలేదు. సంస్కృతం చెప్పినవారి పేరుతోపాటు ఆవిడ పేరూ ఆయన చరిత్రలోకి ఎక్కింది. ఆవిడ దగ్గర ఇంకెంతమంది నేర్చుకున్నారో, ఆవిడ ఆట ఎలా ఉండేదో చూపించే బొమ్మ ఏదీ మన చేతిలో లేదు. కాని ఏ ఊళ్ళో ఏ పాప ‘శివతాండవం’ ఆడినా, ఆ దరువులో పెనుకొండ మహాలక్ష్మమ్మ కాలు కొంత ఉందనే నా నమ్మకం. నాట్యం నేర్చి నర్తకుడు కాకుండా కవి అయ్యాడే ఆయన, ఇదీ ఒక రకం ఉద్యోగమే. కాళ్ళతో ఆడవలసింది అక్షరాలతో ఆడాడు.

అడుగు కూర్చినవాళ్ళకు పేరెందుకు రాదూ అని మనమే అనుకోనక్కర్లేదు, లోకం తీరే అంత. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు మనమంతా గంతులేశాం. బహుమానం అందుకున్నది బాణీ కట్టిన కీరవాణి, పాట రాసిన చంద్రబోస్. పాట రాసినందుకు, కట్టినందుకు ఇచ్చే బహుమానం కనుక అది న్యాయమే. కాని అమెరికా వాడి మనసు దోచింది ఆ ఇద్దరు కుర్రాళ్ళ ఒకే వేగపు కాళ్ళు గదా! వాటిని అలా కదిపిన ప్రేమ్ రక్షిత్‌కు ఆస్కార్‌లో పద్దు లేదు. తమాషా ఏమిటంటే, ఒకప్పుడు ఉండేది. 1935 నుంచి 1937 దాకా మూడేళ్ళ సినిమాలకు నృత్య దర్శకత్వానికి విడిగా బహుమానం ఇచ్చి, ఎత్తేశారు. మన జాతీయ అవార్డుల్లో నృత్య దర్శకత్వం అన్న పద్దు చేరింది 1991 సినిమాలకు. అప్పటికి ‘మాయాబజార్’ వచ్చి ముప్పై నాలుగేళ్ళు.

సినిమా సంగతి సరే, జమ్మలమడుగు వైపు పల్లెల్లోకి వెళితే టైటిల్ కార్డన్న మాటే లేని నృత్య దర్శకులున్నారు. చెక్కభజన గురువులు. పొలం పనులు తెరిపి ఇచ్చినప్పుడు ఊరివాళ్ళు కబురు పెడితే వస్తాడు గురువు. రాముడి గుడి ముందు, రాత్రి అన్నాలయ్యాక, మగపిల్లలను వలయంగా నిలబెట్టి, చేతికి చెక్కలిచ్చి, కాలికి గజ్జె కట్టి, ఒక్కో అడుగూ నేర్పుతాడు. పగలంతా పార పట్టిన కాళ్ళు అవి. ఊరే గురువుకు తిండి పెట్టి, సంభావన ముట్టజెబుతుంది. నేర్పడం పూర్తయితే గజ్జెపూజ చేసి, బట్టలు పెట్టి పంపుతారు. తరవాత ఇంకో ఊరు.

కోలాటంలో జడకోపు చూశారా ఎప్పుడైనా? పైనుంచి వేలాడే తాళ్ళను తలా ఒకటి పట్టుకుని, ఒకరి కిందనుంచి ఒకరు, ఒకరి పక్కనుంచి ఒకరు తిరుగుతూ ఆడుతుంటే, పైన తాళ్ళన్నీ చక్కటి జడగా అల్లుకుంటాయి. మళ్ళీ అడుగు తిరగేసి ఆడితే జడ విడిపోతుంది. ఒక్కరు తప్పినా చిక్కే. మనం పిల్లకు జడ వేసేటప్పుడు పాయలు తప్పితే విప్పి మళ్ళీ వేస్తాం. అక్కడ ప్రతి పాయా ఒక మనిషి. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ రాసుకోడు గురువు. ఆయన తలలో ఉంటుంది, కాళ్ళలో ఉంటుంది.

ఇప్పుడు కోలాటం ఆడవాళ్ళ చేతికీ వచ్చింది. ఒకే రంగు చీరలు కట్టుకుని, బృందాలుగా తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళ్ళి మాడవీధుల్లో ఆడి వస్తున్నారు. ఈసారి మీ ఊళ్ళో ఎక్కడైనా కోలాటం జరిగితే, పక్కన నిలబడి నోటితో లెక్క కడుతూ, చేత్తో తాళం వేస్తూ ఒక మనిషి కనిపిస్తారు. ఆయన పేరో, ఆవిడ పేరో కనుక్కుని మీ డైరీలో రాసి పెట్టండి.