తన గొంతును తానే చూసుకున్న పాటల మేస్టారు

పోయిన సంవత్సరం పద్యాల పోటీకి వారం రోజులుందనగా నా గొంతు పోయింది. జలుబు తగ్గింది గానీ మాట బొంగురుగానే ఉండిపోయింది. మిరియాల పాలు, ఉప్పునీళ్లు పుక్కిలించడం అన్నీ అయ్యాక మా నాయన నన్ను చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నా నాలుకను గుడ్డతో పట్టుకుని ముందుకు లాగి, పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దాన్ని దీపం మీద వెచ్చచేసి నోట్లో పెట్టి “ఈ... అను” అన్నారు. వాంతి వచ్చినంత పనైంది. స్వరతంతువులు వాచాయి, వారం రోజులు నోరు తెరవొద్దన్నారు. పోటీ పోయినట్టే!

అద్దాన్ని ఎందుకు వెచ్చచేశారని కాగితం మీద రాసి అడిగాను. “చల్లగా ఉంటే నీ ఊపిరికి ఆవిరి పట్టేస్తుంది. ఈ అద్దంతో గొంతు చూడడం మాకు నేర్పింది డాక్టరు కాదు, ఒక పాటల మేస్టారు” అని నవ్వారు. ఆ మేస్టారు ఎవరో తెలుసుకోవాలని చదివిందే ఈ వ్యాసం.

ఆయన పేరు మాన్యుయెల్ గార్సియా. 1805లో స్పెయిన్‌లో పుట్టాడు. తండ్రి, ఇద్దరు చెల్లెళ్లు యూరప్ అంతా పేరున్న గాయకులు. ఈయన మాత్రం పాడడం మానేసి పాట నేర్పడంలో పడ్డాడు. 1841లో స్వీడన్ గాయని జెన్నీ లిండ్ గొంతు పాడుచేసుకుని పారిస్‌లో ఆయన దగ్గరికి వస్తే, ముందు ఆరు వారాలు పాడకుండా ఉండమన్నాడట. తరువాత ఆమెకు గొంతు తిరిగి వచ్చింది. అంటే మా డాక్టరుగారి మందే!

కానీ గొంతులో ఏం జరుగుతోందో గార్సియాకు కనబడదు. పాడేటప్పుడు స్వరతంతువులు ఎలా కదులుతాయో చచ్చినవాళ్ల గొంతు కోసి చూస్తే తెలియదు కదా. 1829లోనే లండన్‌లో బాబింగ్టన్ అనే డాక్టరు గొంతు చూడ్డానికి అద్దాల పరికరం ఒకటి చేశాడు, అది వాడుకలోకి రాలేదు. 1854 సెప్టెంబరులో సెలవులకు పారిస్ వెళ్లిన గార్సియాకు ఒక రోజు ఎండ తళుక్కుమనడం చూసి ఆలోచన తట్టింది. వెంటనే శస్త్రచికిత్స పరికరాలు చేసే షారియేర్ దుకాణానికి పోయి, పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం ఉందా అని అడిగాడు. పళ్ల డాక్టర్ల కోసం చేసి, 1851 లండన్ ప్రదర్శనలో పెట్టినా ఎవరూ పట్టించుకోని అద్దం ఒకటి దొరికింది. దాన్ని వేడినీళ్లలో ముంచి, తుడిచి, కొండనాలుకకు ఆనించి, ఇంకో చేతిలోని అద్దంతో దాని మీదికి ఎండ పడేలా పట్టాడు. తన గొంతు తనకే కనబడింది! 1855లో లండన్ రాయల్ సొసైటీలో ఆయన వ్యాసం చదివారు. డాక్టర్లు పెద్దగా లెక్కచేయలేదు.

ఆ తరువాత వియన్నాలో ట్యుర్క్ అనే డాక్టరు 1857లో రోగుల గొంతులు చూడడం మొదలుపెట్టి, చలికాలం ఎండ లేక ఆపేశాడు. చెర్మాక్ అనే ఆయన ట్యుర్క్ అద్దాలనే అడిగి తీసుకెళ్లి దీపం వెలుతురుతో చూశాడు. ఇక ఏ కాలమైనా పని జరుగుతుంది. ఈ విద్య ముందు ఎవరిది అని ఇద్దరూ చాలాకాలం కొట్లాడుకున్నారు.

చెర్మాక్ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు డాక్టరు మొరెల్ మెకెంజీ 1863లో లండన్‌లో గొంతు జబ్బులకే ఒక ఆసుపత్రి పెట్టాడు. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయింది. ఎడమ స్వరతంతువు మీద కండ పెరిగింది. జర్మన్ డాక్టర్లు దాన్ని కాల్చి చూశారు, మళ్లీ పెరిగింది. ఇది క్యాన్సర్, గొంతు కోసి తీసెయ్యాలన్నారు. మెకెంజీని పిలిపించారు. ఆయన ఆ కండలో చిన్న ముక్క తీసి, బెర్లిన్‌లో పేరుమోసిన విర్కోకు పరీక్షకు పంపాడు. అందులో క్యాన్సర్ కనబడలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. నవంబరుకల్లా అది క్యాన్సరేనని తేలింది.

ఇది చదివినప్పుడు నాకు మెకెంజీ మీద కోపం వచ్చింది. కానీ ఆ రోజుల్లో అలాంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చాలామంది బతికేవాళ్లు కాదు. రుజువు లేకుండా గొంతు కోయొద్దనడం తప్పా? అద్దంలో కండ కనబడుతుంది, అది ఏ కండో అద్దం చెప్పదు. తీసిన ముక్కలో జబ్బు లేకపోతే మిగతాదాంట్లో లేదని కాదు. అప్పటి డాక్టర్లు మాత్రం ఒకరినొకరు తప్పుపడుతూ పుస్తకాలే రాసుకున్నారు.

1888 ఫిబ్రవరిలో ఊపిరాడక ఫ్రెడరిక్ శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఇక మాట లేదు. మార్చిలో తండ్రి చనిపోతే చక్రవర్తి అయ్యాడు. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి ఇచ్చేవాడు. వారం రోజులకే నాకు ఏడుపొచ్చింది, ఆయన అలాగే 99 రోజులు రాజ్యం చేసి జూన్ 15న చనిపోయాడు. మన చరిత్ర పుస్తకంలో మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో వచ్చే కైజర్ రెండో విల్హెల్మ్ ఆయన కొడుకే.

1905 మార్చి 17న గార్సియాకు నూరేళ్లు నిండాయి. లండన్‌లో సభ పెడితే ఎన్నో దేశాల గొంతు డాక్టర్లు వచ్చి ఈ పాటల మేస్టారుకు నమస్కారాలు చెప్పుకున్నారు. స్పెయిన్ రాజు, ఇంగ్లండు రాజు బిరుదులిచ్చారు. జర్మనీ నుంచి విజ్ఞానశాస్త్రానికిచ్చే పెద్ద బంగారు పతకం వచ్చింది. పంపింది కైజర్ విల్హెల్మే.